రేపు అనే అర

నరసాపురం రేవులో పంటు కదిలేదాకా సిగ్నలుంటుంది.
నడి వశిష్ఠలో ఒకటే గీత.
సఖినేటిపల్లి ఒడ్డు తగిలేసరికి
గుండ్రంగా తిరిగే చక్రం తప్ప
తెరమీద ఇంకేం ఉండదు.

ఆ పావుగంటే నా సొంతం.
ఆరో తరగతి, భిన్నాలు, రెండోసారి.
మొదటిసారి చెప్పినప్పుడు
ముప్పై ఒక్క మొహాలు
గోడ గడియారం వైపు తిరిగాయి.

వెతుకుతాను.
ఎవరెవరో ఎక్కడెక్కడో దాచిన లింకులు,
ఒక్కోదానికీ ఓ చిన్న చీటీ కట్టి:
భిన్నాలు. ఆట. ఖర్చు లేదు.
అల్లరి క్లాసుకి పనికొస్తుంది.
ఈ చివరి చీటీ కట్టినవాళ్లు కనబడితే
కాఫీ ఇప్పించాలి.

సుద్దముక్క అని పేరు పెట్టుకున్నారొకరు.
ఆడో మగో తెలియదు. ఊరు తెలియదు.
నేను దాచినవాటిలో పదకొండు వారూ దాచారు,
కాబట్టి వారు దాచి నేను చూడని
రెండొందల మూడింటి మీద నాకు నమ్మకం.
మొహం చూడకుండా, ఏరుకున్నవి చూసి
స్నేహం చేయడం
ఈ పంటు మీదే అలవాటైంది.

సరంగు సత్తిరాజు పంటుని కాస్త వంకర తిప్పుతాడు.
నీళ్లలో వెదురుబొంగు, చివర ఎర్ర గుడ్డపీలిక:
కింద ఇసుక మేట.
"ఎవరు పాతారు?" అన్నాను ఓ రోజు.
"ముందెళ్లినోళ్లండి.
పోయిన వరదకి మేట జరిగిందండి,
బొంగూ జరపాలి."

నేను దాచినవి మూడొందల పన్నెండు.
తెరిస్తే సగం, ఈ పేజీ ఇక్కడ లేదంటాయి.
బతికున్నవాటిలో ఎక్కువ
"రేపు" అని చీటీ కట్టినవి.
కాగితపు గాలిమరలు, సబ్బునీళ్ల ప్రయోగాలు,
ఏడు నిమిషాల్లో గుణింతం,
దేవుడా, ఏడు నిమిషాలు!
అర అంటే గూడు. అర అంటే సగం.
నాకు రెండూ వర్తిస్తాయి.

ఇవాళ దొరికింది పిజ్జా.
ఎనిమిది ముక్కలు కోసి చూపించారు,
వేలమంది దాచుకున్నారు.
నల్లబల్ల మీద గీశాను.
"అది దిబ్బరొట్టాండి, టీచరుగారండీ?"
అవుననేశాను.
దిబ్బరొట్టెని కొయ్యరండి, తుంచుకుంటామండి,
పెద్దముక్క అన్నయ్యదండి,
అని పోయింది పాఠం.

అప్పుడు వెనక బెంచీలో కొల్లాటి పోసిబాబు
సంచీలోంచి తీశాడు, బడికి తేకూడనిది:
పైన చెక్కేసిన తాటికాయ.
మూడు కళ్లు.
"ఒకటి నేను తినేస్తేనండి
మూడింట ఒకటి పోయినట్టే కదండి."
"మరి మిగిలింది?"
"మీరు తినేస్తే ఏం మిగలదండి."

కిటికీ పక్కనుంచి ధనకుమారి:
"రెండు కళ్ల కాయలూ ఉంటాయండి.
అప్పుడదే ముంజ సగమండి."

గడియారం వైపు ఎవరూ చూడలేదు.
నేనూ ఒక కన్ను తిన్నాను,
నీళ్లు మోచేతిదాకా కారి
హాజరుపట్టీ మీద ఒక మరక
ఇప్పటికీ ఉంది.

ఒంటిపూట బడి. తిరుగు పంటులో
ఫోటో ఎక్కించి చీటీలు కట్టాను:
భిన్నాలు. ముంజికాయ. ఖర్చు లేదు.
కత్తి మీ చేతిలోనే ఉంచుకోండి.
ఆలోచన ఎవరిది అని అడిగేచోట
నా పేరు కొట్టి, చెరిపి,
పోసిబాబు, ధనకుమారి, ఆరో తరగతి.

నడి వశిష్ఠలో చక్రం తిరిగింది, తిరిగింది,
రేవు మెట్లు కనబడేవేళకి వెళ్లింది.

వారానికి నలుగురు దాచుకున్నారు.
పుంజీడు. అంతే.
వారిలో సుద్దముక్క ఉన్నారు.
కట్టిన చీటీ "రేపు" కాదు:
"ఇవాళే చెప్పాను. ఇక్కడ తాటిచెట్లు లేవు.
వేరుశెనక్కాయతో కుదిరింది."

బొంగు కాస్త జరిపి పాతారన్నమాట.

పోసిబాబుకి చూపిస్తే
ఫోను రెండు చేతులా పట్టుకుని చదివాడు,
నిలబడి, పెదాలు కదుపుతూ.
తన పేరు దగ్గర ఆగలేదు.
"ఒంటిగింజ కాయ వస్తే
ఏం చేశారో అడగండి," అన్నాడు.